గ్యాసుకు మొకమాటం లేదు

మా గోదావరిఖనిలో పాతకాలపు గని కార్మికుణ్ణి ఏ గుమ్మం ముందైనా కాస్త ఆగమని చూడండి. రెండు చేతులూ పక్కలకు చాపి నిలబడతాడు. దవాఖాన దగ్గరైనా అంతే, బ్యాంకు దగ్గరైనా అంతే. మొన్న మనవరాలి బడికి పోతే వాచ్‌మన్ పాపం పేరు మాత్రమే అడిగాడు. నేను చేతులు చాపేశాను. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వితే నవ్వనీ. నాకు ఆ అలవాటు చేసినవాడు మొగిలి. నేను చెప్పబోయేది అతని కూతురు యమున సంగతి.

మా ఇంక్లైన్ మొగదల, అంటే గనిలోకి దిగే ఏటవాలు దారి ముందు, మొగిలికి ఒకటే పని. లోపలికి దిగే ప్రతి మనిషినీ తడమడం. బీడీ, అగ్గిపెట్టె, లైటరు, ఏదీ గనిలోకి పోకూడదు. బొగ్గు పొరల్లో గ్యాసు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు, దిగినవాళ్లు దిగినట్టే ఉండిపోతారు. అందుకని చొక్కా జేబు, ప్యాంటు జేబు, నడుము, టోపీ, చివరికి సద్దిగిన్నె మూత కూడా తీసి చూసేవాడు. మేనేజరైనా, హైదరాబాద్ నుంచి దిగిన పెద్ద దొరైనా, మైకు పట్టుకుంటే వదలని యూనియన్ నాయకుడైనా మొగిలి ముందు చేతులు చాపాల్సిందే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని లోకంలో సామెత. మా గని దగ్గర ఆ ప్రశ్నే లేదు. అందరి భుజాలూ మొగిలే తడిమేవాడు.

అందరికంటే ముందు తనను చూపించుకునేవాడు. షిఫ్టు మొదలుకాగానే టోపీ దీపాలు ఇచ్చే లాంప్‌రూములో మనిషిని కేకేసి పిలిచి, “ముందుగాల నన్ను చూడు” అని చేతులు చాపేవాడు. అది అతను పెట్టుకున్న ఆచారం. మొదట్లో మేం ఎగతాళి చేశాం. తర్వాత మాకే అలవాటైపోయింది. అతను తనను చూపించుకోని రోజున మాకు ఏదో వెలితిగా ఉండేది.

ఒక్కసారి తప్పాడు. తన చెల్లెలి మొగుడికి ఆ గనిలోనే ఉద్యోగం వచ్చింది. పెళ్లయి ఇంకా పసుపు బట్టలు మాసిపోలేదు, మొదటిరోజు డ్యూటీకి వచ్చాడు. ఇంటి కొత్త అల్లుణ్ణి పదిమందిలో తడమడానికి మొగిలికి మొహమాటమేసింది. పొమ్మని చెయ్యి ఊపాడు. అతను దిగిపోయాక గాని మొగిలి గుండెల్లో రాయి పడలేదు. షిఫ్టు అయిపోయేదాకా గని మొగదలనే నిలబడ్డాడు, ఇంటికి పొమ్మన్నా పోలేదు. కొత్త అల్లుడు నవ్వుతూ పైకి వచ్చాడు. వచ్చీరాగానే నడుములోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి ముట్టించాడు. మొగిలి అక్కడే కూలబడ్డాడు. ఏమీ కాలేదు, నిజమే. కానీ ఆ రోజు నుంచి అతను ఎవరి మొహమూ చూసేవాడు కాదు, జేబులే చూసేవాడు.

ఇంట్లో పిల్లలకు ఇదే పాఠం. “గ్యాసుకు మొకమాటం ఉండది బిడ్డా. నువ్వు ఎవల్ని చూడవో, అగ్గి వాని జేబులనే ఉంటది.”

యమున అతని రెండో కూతురు. నల్లగా, బక్కగా, తండ్రి లాగే మాట తక్కువ, మొండితనం ఎక్కువ. మొగుడు వీరేందర్ బసంత్‌నగర్ నుంచి సిమెంటు లారీ తోలేవాడు. లారీ బోల్తా పడి నడుము విరిగాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ సమయంలోనే లక్ష్మీనగర్‌లో నాలుగంతస్తుల బట్టల మాల్ లేచింది. గుమ్మం దగ్గర ఆడవాళ్లను చూసి పంపడానికి ఒక ఆడమనిషి కావాలని సెక్యూరిటీ ఏజెన్సీవాళ్లు తిరుగుతుంటే యమున వెళ్లి ఖాకీ తొడుక్కుంది. ఆ జీతం మీదే ఆ ఇల్లు నడిచేది. ఇంకో ఆధారం లేదు, ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి.

మాల్ తెరవకముందు పోలీసులు ఊళ్లో సినిమా హాళ్లవాళ్లనూ, దుకాణదారులనూ, బస్టాండు దగ్గరి బండ్లవాళ్లనూ పిలిచి మీటింగు పెట్టారు. రిటైరైన కార్మికుల తరఫున నేనూ వెళ్లాను. సమోసా బాగుంటుందని ఎవరో చెప్పారు. ఆ ఇన్‌స్పెక్టర్ చెప్పింది కూడా బాగానే ఉంది. ఒకప్పుడు మన దిక్కు పేలినవి కల్వర్టులు, పోలీసు జీపులు అన్నాడు. తుపాకీ ఉన్నవాడి మీదికే తుపాకీ వచ్చేది. రానురాను కాపలా ఉన్నచోటు వదిలేసి కాపలా లేనిచోటు వెతుక్కోవడం మొదలైంది. బస్టాపు, చాట్ బండి, రైలు డబ్బా, సంత. టిఫిన్ డబ్బాలో పెట్టారు, సైకిలుకు కట్టారు, కార్లో పెట్టారు, కొన్ని దేశాల్లో జనం మీదికి లారీయే తోలారు. వాళ్లకు ఫలానా మనిషి మీద కోపం లేదు, జనం ఒకచోట కూడడమే వాళ్లకు కావాలి. పోనీ గోడ కడదామా అంటే గోడ బయట జనం లైను కడతారు, అప్పుడు ఆ లైనే వాడికి గురి అవుతుంది అని కూడా చెప్పాడు.

సమోసాలు పంచేలోపు, మాల్ తరఫున వచ్చిన యమున నా పక్కకు వచ్చింది. “గాలి ఆడని మూలకే గ్యాసు చేరుతదని బాపు చెప్పేటోడు కాక. గిది కూడ గదే గద” అంది. ఇన్‌స్పెక్టర్ అంతసేపు చెప్పింది ఆ పిల్లకు అలా అర్థమైంది. నాకూ అలాగే అర్థమైంది.

మాల్ గుమ్మానికి ఒక చట్రం బిగించారు, కిందినుంచి పోతే కుయ్యిమంటుంది. పుస్తెలతాడుకు కుయ్యిమంటుంది, పట్టగొలుసులకు కుయ్యిమంటుంది, మా ఐలవ్వ మోకాలిలో వేసిన కడ్డీకి మరీ గట్టిగా అంటుంది. ఐలవ్వ అంటే నా భార్య. అందరికీ అరిచే దాన్ని ఎవరు పట్టించుకుంటారు? అసలు పనంతా చట్రం పక్కన తెర కట్టిన చిన్న గదిలో యమున చేతులదే. మొదటిరోజు తెర ముందుకు వచ్చిన మొదటి మనిషి అమీరున్నీసా. యమున వాళ్ల గల్లీలోనే ఉంటుంది, జాకెట్లు కుడుతుంది, జాకెట్టు రంగుకు సరిపోయే లైనింగు గుడ్డ కోసం రోజూ మాల్‌కు వస్తుంది. యమునకు పురుడొచ్చినప్పుడు దవాఖానకు తీసుకుపోయింది ఆమే. బురఖా సర్దుకుంటూ లోపలికి వచ్చిన అమీరున్నీసా ముందు యమున చేతులు చాపి నిలబడిందట. “ముందుగాల నన్ను చూడు ఖాలా” అందట. ఆమె నవ్వి, ఖాకీ జేబులు రెండూ తడిమి, “ఏమీ లేదు బేటీ, దువ్వెన ఉంది” అని తేల్చింది. తర్వాతే యమున ఆమెను చూసింది. ఆ రోజు నుంచి రోజూ మొదటి మనిషి చేత తనను చూపించుకోవడం, తర్వాత వచ్చినవాళ్లందరినీ చూడడం. మా వాళ్లెవరూ దానికి నొచ్చుకోలేదు. ఏ ఇంట్లో చూసినా మొగిలి చేతుల కింద నుంచి నడిచిన మనిషి ఒకడున్నాడు.

ఆ మాల్ మేనేజరు రఘుపతి. హైదరాబాద్ మనిషి, మెడలో బిళ్ల, చేతిలో రెండు ఫోన్లు. వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో, అంటే ఊరి పక్క పైనుంచి తవ్వే బొగ్గు గనిలో, బ్లాస్టింగ్ అయింది. మాకిది రోజూ ఉండేదే. నేల అదురుతుంది, అద్దాలు గలగలమంటాయి, మేం చాయ్ తాగుతూనే ఉంటాం. రఘుపతి మాత్రం బిల్లు బల్ల కిందికి దూరి తల మీద చేతులు పెట్టుకున్నాడు. చీరలు చూస్తున్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. నేను వారంపాటు చాయ్ హోటల్లో ఆ కథే చెప్పాను, కాస్త ఉప్పూకారం కూడా కలిపాను. తర్వాత తెలిసింది, దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం అతను ఆ రోడ్డు మీదే ఉన్నాడని. అప్పుడు చదువుకునే పిల్లవాడు. నాకు సిగ్గేసింది. అతని భయం అబద్ధం కాదు. ఇంకో సంగతి కూడా తోచి నిద్ర పట్టలేదు. ఈ ఊళ్లో నిజంగా ఏదైనా పేలితే మేం బ్లాస్టింగే అనుకుని కూర్చుంటాం.

ఢిల్లీలో కారు పేలిందని టీవీలు గోల పెట్టిన రోజుల్లో ఆ భయం తిరగకూడని దారిలో తిరిగింది. రఘుపతి ఒక పొద్దున యమునను పక్కకు పిలిచాడు. బురఖాలను విడిగా నిలబెట్టి గట్టిగా చూడమన్నాడు. మిగతావాళ్లను, ముఖ్యంగా కార్లలో దిగేవాళ్లను ఇబ్బంది పెట్టకుండా పంపేయమన్నాడు. పెళ్లిళ్ల కాలం, గిరాకీ పోతుందన్నాడు. కాగితం మీద రాసివ్వలేదు, ఇలాంటివి ఎవరూ రాసివ్వరు.

యమున తండ్రి మాటే చెప్పింది. “ఎవల్ని చూడమో బయట తెలిస్తే, చెడగొట్టేటోడు వాళ్లలెక్కనే తయారై వస్తడు సార్. అందర్ని చూస్త. లేకపోతె ఎవల్ని చూడ.”

అతను ఏజెన్సీకి ఫోన్ చేస్తానన్నాడు. ఆమె సరేనని వెళ్లి తెర దగ్గర నిలబడింది. ఆ వారమంతా పీటముడే. అతను చెప్పిందే చెబుతున్నాడు, ఆమె చేసేదే చేస్తోంది. ఇంట్లో వీరేందర్ కూడా భయపడ్డాడు. నాలుగు రోజులు వాళ్లు చెప్పినట్టు చేస్తే ఏం పోయింది, తర్వాత అదే సర్దుకుంటుంది అన్నాడు. యమున అతనికి అన్నం వడ్డించింది. తెల్లారి మళ్లీ అందరినీ చూసింది.

శుక్రవారం మాల్ యజమాని తల్లి వచ్చింది. పెద్ద కారు, పట్టుచీర, వెనకాల నలుగురు చుట్టాలు. వాళ్లింట్లో పెళ్లి. రఘుపతి పరుగున వచ్చి పక్కనున్న తాడు ఎత్తి పట్టుకున్నాడు. యమున ఆ తాడు దగ్గరికే వచ్చి నిలబడింది. నేను ఎదురుగా చాయ్ హోటల్లో ఉన్నాను, గ్లాసు కింద పెట్టేశాను. యమున చేతులు చాపి, ముందు మీరు నన్ను చూడండమ్మా, తర్వాత మిమ్మల్ని చూస్తానంది. పెద్దావిడకు ముక్కుమీద కోపం. నా కొడుకు దుకాణంలో నన్నే దొంగలా చూస్తావా అని గుమ్మం దద్దరిల్లేలా అడిగింది.

“దొంగను పట్టే చెకింగ్ కాదమ్మా ఇది” అంది యమున, గొంతు పెంచకుండా. “దొంగ ఎవలో ఎరుకైతే చెకింగే అక్కరలేదు. గని మేనేజరు గనికి దొర. ఆయన జేబులు కూడ మా బాపు రోజు చూసిండు.”

పెద్దావిడ వెనక్కి తిరిగి కారెక్కింది. కారు మలుపు తిరగకముందే రఘుపతి ఫోన్ మోగింది. అతను ఫోన్‌కు అవును సార్, అవును సార్ అంటూనే ఉన్నాడు. సాయంత్రానికి ఏజెన్సీవాళ్లు యమున ఖాకీ బట్టలు తిరిగి ఇచ్చేయమన్నారు. ఆమె ఉతికి, మడతపెట్టి ఇచ్చి వచ్చింది.

రాత్రికి గల్లీ అంతా తెలిసింది. అమీరున్నీసా ఏడుస్తూ వచ్చిందని ఐలవ్వ చెప్పింది. నావల్లనే నీ కడుపు మాడుతోంది, ఇకనుంచి లైనింగు గుడ్డ వేరే చోట కొనుక్కుంటాను, ఆ గుమ్మం తొక్కను అందట. యమున ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“నువ్వు పోకుంటె వాళ్లన్నదే నిజమైతది ఖాలా. రేపు మనిద్దరం పోదాం. నేను కూడ గిరాకీనే గద ఇప్పుడు.”

ఆ మాట విన్నాక మా ఐలవ్వ ఇంట్లో నిలవలేదు. చెల్లెలి కూతురి పెళ్లికి చీర కొనాలని ఆమెకు అప్పటికప్పుడు గుర్తొచ్చింది. చీర కొందామంటే ఏనాడూ ఒంటరిగా పోయే మనిషి కాదు, మా క్వార్టర్ల లైనంతా తిరిగి పది గడపల వాళ్లకు చెప్పింది. నేను వద్దనలేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసి వద్దనడం మానేశాను.

శనివారం మధ్యాహ్నం అందరం మాల్ దగ్గరున్నాం. తెర దగ్గర కొత్త పిల్ల, పేరు దీప, కమాన్‌పూర్ నుంచి వచ్చింది. ఖాకీ చొక్కా ఆమెకు బిగుతు, యమునదే అయి ఉంటుంది. ముందున్న ఇద్దరు ఆడవాళ్లను చూడకుండానే పొమ్మంది. మూడో మనిషి అమీరున్నీసా. దీప ఆమెను పక్కకు నిలబెట్టి, సంచి బోర్లించి, బురఖా మొత్తం తడిమింది. ఆ పిల్ల తప్పేం లేదు, చెప్పింది చేసింది. అమీరున్నీసా తల వంచుకుని దారపు ఉండలు ఏరుకుంటోంది. వెనక యమున ఉంది. దీప ఆమెను తడమకుండానే పొమ్మని చెయ్యి ఊపింది.

యమున కదలలేదు. రెండు చేతులూ చాపింది.

“నన్ను చూడు.”

“మీరు పోవచ్చక్కా.”

“పోను. ఆమెను చూసినవ్, నన్ను కూడ చూడు.”

దీప రఘుపతి కోసం లోపలికి చూసింది. యమున వెనక ఐలవ్వ ఉంది. ఆమె కూడా చేతులు చాపేసింది. “మా ఇంటాయన జేబులు ముప్పై ఏండ్లు తడిమిండ్రు. ఆయన ఏం తరిగిపోలే, ఇంక లావైండు. నన్ను కూడ చూడు బిడ్డా” అంది. అంత మందిలో నా ఒళ్లు గురించి మాట్లాడాల్సిన పని లేదు గాని ఆమె అంతే. ఆమె వెనక మా పక్కింటి సారవ్వ చేతులు చాపింది. సారవ్వ వెనక ఎవరో నాకు తెలియని పెళ్లికూతురు, ఏం జరుగుతోందో కూడా తెలియకుండా చాపింది. మొగవాళ్ల వైపు మేం పాత పెన్షనర్లం, మాకు ఎవరూ చెప్పనక్కరలేదు, మా చేతులు ఎప్పుడో లేచిపోయాయి. లైను కదలడం ఆగిపోయింది. గుమ్మం దాటి, మెట్లు దాటి, రోడ్డు మీదికి పాకింది.

రఘుపతి బయటికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. కోపం కంటే భయమే ఎక్కువ. లైను రోడ్డు మీదికి వచ్చింది, ఇంతమంది ఒకచోట నిలబడడం ప్రమాదం, దయచేసి లోపలికి పదండి అని బతిమాలాడు. ఆ మాట మాత్రం నిజం. ఇన్‌స్పెక్టర్ చెప్పిందే.

యమున చేతులు దించకుండానే అతని వైపు తిరిగింది. “నిజమే సార్, ప్రమాదమే. అందర్ని జల్ది చూడమనుండ్రి.”

సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. నేల అదిరింది, మాల్ అద్దాలు పైనుంచి కిందిదాకా గలగలలాడాయి. రఘుపతి భుజాలు ముడుచుకుని గోడకు ఆనుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. లైన్లో ఒక్క చెయ్యి కూడా దిగలేదు. అతను కాసేపు మమ్మల్నందరినీ చూశాడు. రోడ్డు మీదికి పెరుగుతున్న లైనును చూశాడు. తర్వాత దీప వైపు తిరిగి, చూడమ్మా, అందరినీ చూడు, తొందరగా చూడు అన్నాడు. దీప యమున నుంచి మొదలుపెట్టింది. యమున తల కొంచెం పైకెత్తి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. అచ్చం లాంప్‌రూము ముందు మొగిలి నిలబడ్డట్టే ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

యమున ఉద్యోగం తిరిగి రాలేదు. వస్తుందని ఆమె అనుకోనూ లేదు. ఇప్పుడు అమీరున్నీసా పక్కన ఇంకో మిషను వేసుకుని జాకెట్లు కుడుతోంది. ఇల్లు కష్టంగానే నడుస్తోంది, నేను కల్పించి చెప్పను. మాల్ గుమ్మం దగ్గర మాత్రం ఇప్పుడు అందరినీ చూస్తున్నారు. ఒకరిని వదిలేస్తే వెనకున్న ఆడవాళ్లే ఊరుకోవడం లేదు. యజమాని తల్లి మళ్లీ వచ్చిందో లేదో నాకు తెలియదు, వచ్చి ఉంటే చేతులు చాపే ఉంటుంది.

మొన్న నేను ఐలవ్వతో వెళ్లినప్పుడు ఆడవాళ్ల లైన్లో ఆమె ముందు యమున ఉంది, లైనింగు గుడ్డ కోసం వచ్చింది. దీపకు ఇప్పుడు యమున అంటే ప్రాణం. ఆమెను చూడగానే మొహం విప్పారింది, “నువ్వు పో అక్కా, నిన్ను చూసుడేంది” అని తెర పక్కకు తప్పుకుంది. యమున అడుగు వేయలేదు. సంచి కింద పెట్టి, రెండు చేతులూ చాపింది.

“గ్యాసుకు నేనెవలో తెల్వది. చూడు.”